బావా అంటే లైన్ క్లియర్

"బావా అని పిలిస్తే లైన్ క్లియర్. అన్నయ్యా అంటే డేంజర్. కారు మీద చెయ్యి వెయ్యకు. అర్థమైందా?"

ఏజెంట్ సత్యరాజు తలూపాడు. కాశీబుగ్గలో జీడిపప్పు బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు చీఫ్ జోగారావు. ఊరికి ఆయన జీడిపప్పు వ్యాపారి.

"ఆ పిలుపే ఎందుకు సార్?"

"మీ వైపు ఎవరు ఎవరినైనా బావా అంటారు కదయ్యా. ఎవరికీ అనుమానం రాదు."

ఒక్క మనిషికి వస్తుందని సత్యరాజుకి తెలుసు. ఆ సంగతి చీఫ్‌కి చెప్పలేదు.

అది 2002. హైవేని వెడల్పు చేస్తున్న రోజులు. తవ్విన రోడ్ల మీద పాడైన కార్లని పికప్ వెనక ట్రైలర్ మీదకెక్కించి విశాఖ చేర్చడం సత్యరాజు పని. అదే అతని మారువేషం. గేర్ రాడ్ బుడిపె కింద ఎర్ర బటన్ ఉంది. నొక్కితే నేవీ కమాండోలకి సిగ్నల్ వెళ్తుంది.

నేవీ నుంచి రాడార్ పార్టు ఒకటి మాయమైంది. విదేశీ ముఠా నాయకుడు మన్మథరావు దాన్ని తెల్ల కాంటెస్సా డిక్కీలో దాచాడు. మూలపేట తీరానికి చేర్చే కిరాయి సత్యరాజుకే ఇచ్చాడు. అక్కడ బోటు ఎక్కితే దేశం దాటిపోతుంది. కారు దిగే క్షణంలోనే ముఠాని పట్టుకోవాలి. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న జయశ్రీ తీరంలో ఎదురొచ్చి పిలుస్తుంది.

మర్నాడు ట్రైలర్ మీద కారుకి బెల్టులు బిగిస్తుంటే మగ్దలీన కేరేజీ పట్టుకుని వచ్చి నిలబడింది.

"నీ సెల్లు మోగితే ఎత్తాను. బావా అన్నాది ఒకర్తి. ఎవులది?"

"కస్టమరే."

"కస్టమరయితే ఓనరుగారూ అనాలి. బావా అంతాదేటి?"

మగ్దలీన అతని మేనమామ కూతురు, పెళ్ళాం కూడా. మాటలొచ్చినప్పటి నుంచీ ఆ పిలుపు ఆమెది. చర్చి సంఘంలో ఇంకో ఆడమనిషి నోట ఆ మాట వినబడితే కీర్తన మధ్యలో ఆపి చూసే మనిషి.

"మూలపేటలో మా పెద్దమ్మని సూసి సానాళ్ళయింది. నానూ వత్తాను," అని ముందు సీట్లో కూర్చుంది.

ఎదురుగా టీ బడ్డీ దగ్గర ముఠా మనిషి చూస్తున్నాడు. ఇక్కడ తగువు పెట్టుకుంటే కొంప మునుగుతుంది. సత్యరాజు నోరు మూసుకుని బండి తీశాడు.

టెక్కలి దాటి నౌపడ ఉప్పు గుట్టలు కనిపించాక మొదలుపెట్టింది.

"అందంగుంటాదా?"

"ఎవరు?"

"కస్టమరు."

"నాను సూడ్లేదే."

"సూడకుండానే కొత్త సొక్కా ఏసావేటి?"

అదే సమయంలో మూలపేట ఒడ్డున, బోటు మీద, మన్మథరావు రైఫిల్‌కి టెలిస్కోప్ బిగిస్తున్నాడు.

"నీ డబుల్ గేమ్ తెలిసిపోయింది జయశ్రీ. రాడార్ పార్టు ఇక్కడే నా దగ్గరుంది. డిక్కీలో ఉన్నది బాంబు. దిగేటప్పుడు వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగితే చాలు, వాడూ, మొగలి పొదల్లో దాక్కున్న నీ కమాండోలూ ఉండరు."

జయశ్రీ పొదల వైపు చూసింది.

"ఫోన్లో వాణ్ణి బావా అంటావుగా. అలాగే పిలిచి వెనక్కి వచ్చెయ్. వేరే మాట వినబడిందా, నీ మాట అదే ఆఖరు." ఆమె మెళ్ళో లాకెట్ తగిలించాడు. అందులో మైకు.

ట్రైలర్ ఇసక అంచుకి వచ్చి ఆగింది. సత్యరాజు ర్యాంపు దించి, బెల్టులు విప్పాడు. ఇప్పుడు కారుని పట్టుకుని ఉన్నది వించ్ తీగ ఒక్కటే. చిలకపచ్చ చీర, నల్లద్దాలు, గాలికెగిరే జుట్టు. జయశ్రీ వచ్చి ఆగింది.

"బావా!"

లైన్ క్లియర్. సత్యరాజు వించ్ లీవర్ వదిలాడు. కారు మెల్లగా వెనక్కి జారింది.

పికప్ తలుపు దబ్బుమంది.

"ఏటన్నావు? మళ్ళీ అను!" మగ్దలీన చెంగు దోపుకుని దిగింది. "ఆ నల్లద్దాలు తియ్. నాకు బావయితే నీకేటవుతాడు? అన్నయ్యా అను!"

"మగ్దలీనా, బండెక్కు!" అన్నాడు సత్యరాజు.

"నువ్వు మాటాడకు. అను పిల్లా!"

జయశ్రీ నల్లద్దాలు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "అన్నయ్యా," అంది.

బోటులో మన్మథరావుకి నవ్వొచ్చింది. పెళ్ళాం తగువు! సత్యరాజూ నవ్వబోయాడు. తీగ జారుతూనే ఉంది.

"అలగ దారికి రా," అని మగ్దలీన వెనక్కి తిరిగింది.

"అన్నయ్యా..."

మొదటిది మగ్దలీన అడిగితే జయశ్రీ అంది. ఈ రెండోది ఎవరడిగారు?

సత్యరాజు లీవర్ మీదకి ఒరిగి బలంగా నొక్కాడు. తీగ ఖంగుమంది. వెనక టైరుకి అంటుకున్న ఎర్రమట్టి ముద్ద చుట్టు తిరిగి, మొదట ఉన్న చోటికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఆ వెంటనే పెళ్ళాన్నీ జయశ్రీనీ ఇసకలోకి తోసి, కేబిన్లో చెయ్యి పెట్టి ఎర్ర బటన్ నొక్కాడు. మన్మథరావు రైఫిల్ ఎత్తేసరికి, బోటు పక్కన వల సర్దుకుంటున్న జాలర్లు తలపాగాలు తీసేశారు. వాళ్ళూ కమాండోలే. అందరి చేతుల్లో స్టెన్‌గన్‌లున్నాయి.

రాడార్ పార్టు దొరికి, బాంబు తీసేశాక మగ్దలీన ఇసక దులుపుకుంది.

"అయితే నువ్వు గూఢచారివా?"

"ఊఁ."

"అదేనా దాచింది? ఇంకేటీ లేదా?"

"ఏటీ లేదు."

"మరి సెప్పవేటి! నానేదో అనుకున్నాను," అని కేరేజీ విప్పి ముందు జయశ్రీకే పెట్టింది. చేపముక్క మాత్రం చిన్నది వేసింది.

ఆదివారం జోగారావు వాళ్ళింటికొచ్చాడు. "కోడ్ మారుస్తున్నాం సత్యరాజూ. ఇకనుంచి బావా అంటే డేంజర్."

మగ్దలీన టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"మాయింట్లో అది ముందునుంచీ అంతే సార్."