రాయిని ఎండకు చూపే యంత్రం

యంత్రం ఇరవై నిమిషాలు చకచకా రాళ్లు ఏరింది. ఆ తర్వాత ఒక రాయిని పైకెత్తి, ఎండకేసి పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయింది. దానితోపాటే రాళ్లు మోసుకొచ్చే బెల్టూ ఆగింది.

అసిరమ్మ చేతిలో రాయి పక్కన పెట్టి అటే చూసింది.

ఆ ఇనప చేతికి పని నేర్పింది ఆవిడే. బళ్లన్నీ బ్యాటరీల మీద నడిచే రోజులవి. బ్యాటరీలకు మాంగనీసు కావాలి. గనిలోంచి వచ్చిన రాళ్లలో సరుకున్నదేదో, ఉత్త రాయేదో అసిరమ్మ చేత్తో పట్టుకుని బరువును బట్టి చెప్పేస్తుంది. అందుకే యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ ఇందుమతి సెన్సర్లు కుట్టిన గ్లవ్స్ ఆవిడకు తొడిగి, చేతుల కదలికలన్నీ నలభై రోజులపాటు కంప్యూటర్‌కి ఎక్కించింది. యంత్రం ఇప్పుడు తు.చ. తప్పకుండా అవే చేస్తోంది. చిక్కంతా అక్కడే.

గని యార్డులో ఊరికే నిలబడితే కేకలేస్తారు. రాయిని పరీక్షిస్తుంటే మాత్రం ఎవరూ కిక్కురుమనరు. అందుకని దుమ్ముకి ఊపిరాడనప్పుడల్లా రాళ్లు ఏరే ఆడవాళ్లు ఒక రాయిని ఎండకు పట్టి, బెల్టు నుంచి మొహం తిప్పుకుని, రెండు నిమిషాలు గాలి పీల్చుకుంటారు. అత్తలు కోడళ్లకు నేర్పిన విద్య అది.

“నీ సిస్యురాలికి అప్పుడే నడుం నొప్పెట్టింది గావాల,” అంది పక్కనున్న గౌరమ్మ.

“అసిరమ్మగారూ, ఎండలో మీరేం చూస్తారు?” అడిగింది ఇందుమతి.

నలభై రోజులు తన పక్కనే కూర్చుని గంజి తాగిన పిల్ల. అబద్ధం నోటికి రాలేదు.

“ఏటీ సూడను డాట్రమ్మా. ఊపిరి తీసుకుంతాను.”

వెనకాలే ఉన్న మేనేజరు విన్నాడు. “ఆ రెండు నిమిషాలూ తీసెయ్యండి. అందరికీ.”

ఆడవాళ్లంతా అసిరమ్మకేసి చూశారు. ఆవిడ తల ఎత్తలేదు.

ఇందుమతి ప్రోగ్రాం మార్చింది. యంత్రం ఆగకుండా పరుగెత్తింది. గంటన్నరకి కెమెరా కంటికి దుమ్ము పొర పట్టి, అది రాళ్లు వదిలేసి నీడల్ని పట్టుకోవడం మొదలెట్టింది. తుడిచినా పావుగంటకి మళ్లీ అంతే.

“అయ్యా, బెల్టు ఆగితేనే దుమ్ము కిందికి దిగుతుంది,” అంది ఇందుమతి, నవ్వు బిగబట్టుకుని. “ఆ రెండు నిమిషాలే దీని కన్ను కాపాడాయి.”

కన్ను ఖరీదైనది; ఏ బెల్టు దుమ్మైనా దాని మీదే పడుతుంది. వారం తిరక్కుండా యార్డులోని ఎనిమిది బెల్టులకూ విరామం వచ్చింది. దుమ్ము లేవకుండా నీళ్లు జల్లే పైపులూ వచ్చాయి. నోటీసులో ‘కెమెరా క్షేమం కొరకు’ అని రాశారు.

“ఇరవై ఏళ్లు దగ్గినాం, ఎవులికీ ఇనబడనేదు,” అంది గౌరమ్మ. “దీని కంట్లో నలక మాత్రం కనబడింది.”

అసిరమ్మ ఇనప చేతిని కొంగుతో తుడిచింది.

“పోనీయే. ఎవులి పేరు సెప్పి జల్లితే ఏటి, సల్లబడింది మన పానం. సల్లగుండాల ఈ ఇనప పిల్ల.”