షెడ్డులో ఒంటి పిల్లర్

ఆ షెడ్డు ముందు లారీ డ్రైవర్లు హారన్ కూడా కొట్టరు. ఇద్దరు వాచ్‌మన్లు చెప్పులొదిలేసి పారిపోయారక్కడ నుంచి. అబద్ధమైతే నా వెల్డింగ్ మిషన్ పట్టుకుపోండి.

లోపల ఏముంటుంది? మధ్యలో ఒక సిమెంటు పిల్లర్. పైన కప్పు మోయదు, పక్కన గోడ లేదు, తలకి మాత్రం ఒక లావు నీళ్ళ గొట్టం ఆనించి ఉంటుంది. ఒంటి పిల్లర్. దాని కాళ్ళకి బోల్టులు బిగించింది నేనే, కాబట్టి ఏనుగొచ్చి గుద్దినా కదలదు. కానీ రాత్రయితే... నడుం ఊపుతుందట.

మూడో వాచ్‌మన్‌గా మా బావమరిదిని పెట్టించా. అప్పటికే వాడివి రెండు ఉద్యోగాలు ఊడాయి. ఇదీ పోతే కాపురానికి రానని వాడి పెళ్ళాం పుట్టింట్లో కూర్చుంది. అంచేత దెయ్యమొచ్చినా పారిపోయే వీలు లేదు వాడికి.

మొదటి రాత్రే... రోడ్డు మీద లారీలు ఆగాక... కిర్ర్‌ర్.

పిల్లర్ ఎడమకి వంగింది. ఆగింది. కుడికి వంగింది. షెడ్డులో నరపురుగు లేదు. నేనే గనక ఉంటే మెడ పట్టుకుని నీది ఏ ఊరని అడిగేవాణ్ణి — అది వేరే సంగతి.

నాకు ఫోన్ చేశాడు.

"బావా... ఇది ఊగుతోంది."

"పారిపోయావా, నీ పెళ్ళాం సంగతి తర్వాత, ముందు మీ అక్క చంపుద్ది. భయమైతే దాన్నే కట్టెయ్."

మాటవరసకి అన్నా. వాడు నిజంగానే దూలాలెత్తే గొలుసు తెచ్చి, మూడు చుట్లు చుట్టి, అవతలి గోడ కొక్కేనికి బిగించేశాడు. పిల్లర్ మూలిగింది... కొంచెం ఊగింది... ఇంకా కొంచెం... ఆగిపోయింది. తెల్లారకముందే గొలుసు విప్పి దాచేసి, దెయ్యాన్ని కట్టిన మొనగాడిలా కూర్చున్నాడు.

పొద్దున్నే పక్క బిల్డింగులోంచి ఇంజినీర్లు నవ్వుకుంటూ దిగారు. అప్పుడు తెలిసింది. కట్టబోయే పది అంతస్తుల మేడలో ఆ ఒక్క పిల్లరే నిజంది, మిగతా మేడంతా కంప్యూటర్లో లెక్క. భూకంపమొస్తే ఇంత ఊగాలని కంప్యూటర్ చెబుతుంది. మేం నీళ్ళ గొట్టం అనుకున్నది జాకీ అట, అది పిల్లర్ని సరిగ్గా అంతే తోస్తుంది. పిల్లర్ ఎంత మొండికేసిందో తిరిగి కంప్యూటర్‌కి చేరుతుంది. లారీల అదురు కలవకూడదని ఈ పరీక్ష రాత్రిళ్ళే చేస్తారు. ఇన్ని లెక్కలేశారు గానీ, వాచ్‌మన్‌కి ఒక ముక్క చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

గొలుసు పట్టిన బలమంతా పిల్లర్‌దే అనుకుంది కంప్యూటర్.

"ఇంత గట్టి పిల్లర్ నా సర్వీసులో చూళ్ళేదు," అన్నాడు పెద్ద ఇంజినీరు. మేడ పాసైపోయింది.

మావాడు నోరు తెరిచాడు... పెళ్ళాం గుర్తొచ్చింది... మూసేశాడు. ఆ వారమే కాపురానికొచ్చేసింది ఆవిడ.

ఆ మేడ కట్టారా అంటారా? లేవకండి, కూర్చోండి. మీరు వీపు ఆనించిన పిల్లరు ఆ లెక్క ప్రకారం పోసిందే. ఇక్కడి వాచ్‌మన్ కూడా మా బావమరిదే. కుర్చీ మాత్రం... చూశారా... రోడ్డుకి అవతల వేసుకుంటాడు.