ఆదివారం రీడింగ్

"అన్నా, మీ ఇంటి మీటర్ యాడుండాది?"

మార్చి నెల, ఆదివారం, పొద్దున ఏడు గంటలు. నేను వాకిట్లో నిలబడి పళ్లు తోముకుంటున్నాను. గేటు అవతల ఒక అమ్మాయి. భుజాన సంచి, చేతిలో రాసుకునే అట్ట, జడలో దోపిన పెన్ను. చాలా బాగుంది. అందుకే నాకు చిరాకేసింది. అంత బాగున్న అమ్మాయి మొదటి మాటే 'అన్నా' అనాలా?

మా పెనుకొండలో అందరూ అందరినీ అన్నా అనే పిలుస్తారు. బస్సు కండక్టరూ అన్నే, టీ కొట్టాయనా అన్నే. తెలుసు. అయినా ఆ రోజు నాకు నచ్చలేదు.

"యాడుంటాది? గోడకుంటాది," అన్నాను నోట్లో నురగతోనే.

"ఇంటికి నాలుగు గోడలుండాయి గదన్నా. ఏ గోడకో చెప్తే పోయి చూసుకుంటా."

లోపల మా సుంకమ్మవ్వ పకపకా నవ్వింది. ఎనభై ఏళ్లొచ్చినా ఇలాంటివి మాత్రం బాగా వినపడతాయి ఆమెకి.

అమ్మాయి పేరు కల్పన. ఊరు ధర్మవరం. వాళ్ల నాయన మగ్గం నేస్తాడు. ఈమె రోజూ రైలెక్కి హిందూపురం పోయి ఒక చిన్న సంస్థలో పని చేస్తుంది. ఆ సంస్థ పెనుకొండలో పది ఇళ్లు ఎంచుకుంది. ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం ఈమె వచ్చి మీటర్ రీడింగ్ రాయాలి. ఏ కాలంలో ఏ వస్తువు ఎంత కరెంటు తింటోందో చూసి, తగ్గించుకునే దారి చెప్పాలి. పోయిన ఏడాదికంటే పదో వంతు తగ్గితే ఆ ఇల్లు గెలిచినట్టు. పదిళ్లలో ఏడు గెలిస్తే ఆమె ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది.

"గెలవకపోతే?" అని అడిగింది అవ్వ.

"మా అన్న బెంగళూరులో కాల్ సెంటర్లో మాట్లాడి పెట్టినాడవ్వా. ఆడికి పోవాల. నాకు ఇష్టం లేదు. నాకు ఈ పనే ఇష్టం."

"ఎందుకు పోతావు పాపా? మా ఇంటి మటుకు నేను చూసుకుంటా పో," అంది అవ్వ.

అంతలో కల్పన ఇల్లంతా కలియచూసింది. "అన్నా, నువ్వేం చేస్తాంటావు?"

"బస్టాండు కాడ షాపుండాది. మోటార్ వైండింగ్."

"కరెంటు పని చేసే మనిషి ఇంట్లో, పగటిపూట మూడు బల్బులు వెలుగుతాండాయే."

నేను పోయి మూడూ ఆర్పేశాను. మా అమ్మ పదేళ్లుగా చెప్తున్నా కదలని నన్ను, ఒక్క మాటతో లేపింది.

తలుపు వెనక ఒక చార్టు అంటించింది కల్పన. నెల పూర్తయ్యాక, పోయిన ఏడాది అదే నెలకంటే వాడకం తగ్గితే పచ్చ స్టిక్కర్, పెరిగితే ఎర్ర స్టిక్కర్. ఆడవాళ్లు నుదుట పెట్టుకునే బిళ్లలే, కొత్త ప్యాకెట్లు. ఏప్రిల్, మే రెండూ ఎరుపే. ఆ ఏటి పెనుకొండ ఎండకి కూలర్ ఆగదు మరి. కల్పన ఫ్రిజ్‌ని గోడకి జానెడు దూరం జరిపించింది. మేడ మీద సున్నం కొట్టించింది. ఆ సున్నం కొట్టింది నేనే, నడినెత్తిన ఎండలో. ఆమె కింద నిలబడి, "ఆ మూల మిగిలిందన్నా" అంటూ ఉంది.

జూన్‌లో వాన పడింది. ఆ ఆదివారం కల్పన నిలువునా తడిసి వచ్చింది. రాసుకునే అట్టని మాత్రం చున్నీలో చుట్టి గుండెకి హత్తుకుంది. అవ్వ తువ్వాలిచ్చింది. తల తుడుచుకుంటూ ఆమె నన్ను చూసి నవ్వింది. "కూలర్ ఆపేసినారా లోకేష్?" అంది.

లోకేష్ అంది. అన్నా అనలేదు. షాపుకి పోయి ఆ రోజు ఒక మోటార్‌కి కాయిల్ తిరగేసి చుట్టాను. మళ్లీ విప్పాల్సి వచ్చింది.

జూన్ పచ్చ. జూలై పచ్చ. అవ్వ పక్కింటి నరసక్కని పిలిచి మరీ చూపించింది. నేనూ సంతోషపడ్డాను, కల్పన ఆ మాట అనేదాకా.

"ఆగస్టు కూడా పచ్చే వస్తే ఇంక నేను వారం వారం రాను. వరసగా మూడు నెలలు తగ్గిన ఇంటికి మళ్లీ చివరి నెల్లో వస్తే చాలు. ఆ టైము తగ్గని ఇళ్లకి పెట్టమన్నారు మా సారు."

నాకు అన్నం సయించలేదు. శనివారం ఎప్పుడవుతుందా, ఆదివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ని. ఆ ఆదివారమే లేకపోతే ఏం చేసుకోవాలి ఈ వారాన్ని? చెప్పేయొచ్చు కదా అంటారు. మోటార్‌తో ఎంతసేపైనా మాట్లాడగలను, మనిషితో నా వల్ల కాదు.

బాగు చేసిన మోటార్‌ని కస్టమర్‌కి ఇచ్చేముందు కాసేపు తిప్పి చూడడం మా పనిలో మామూలే. అది షాపులో చేస్తాం, షాపు మీటర్ మీద. ఆగస్టు రెండో శనివారం మధ్యాహ్నం నేను నాలుగు మోటార్లు ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. నాయన చేనికాడ, అవ్వ గుడిలో శనివారం భజనకాడ ఉన్నారు. అమ్మకి, షాపులో వోల్టేజ్ బాగలేదని చెప్పాను. పెరట్లో వరసగా పెట్టి, ఇంటి లైను మీద నాలుగు గంటలు ఉత్తగా తిప్పాను.

తప్పని తెలుసు. కానీ నేనూ లెక్క వేసుకున్నాను. మా ఇల్లు పోయినా ఇంకా తొమ్మిది ఇళ్లున్నాయి. అందులో ఏడు గెలవకుండా పోతాయా? ఆమె ఉద్యోగం ఆమెకి, నా ఆదివారం నాకు.

ఆగస్టు ఎరుపు పడింది. కల్పన బిత్తరపోయింది.

"వానాకాలంలో పెరగడమేంది లోకేష్? నాకు ఆ ఫ్రిజ్ మీద అనుమానం."

"పాత ఫ్రిజ్ గదా," అన్నాను. పాపం ఫ్రిజ్.

అప్పట్నుంచి ఆమె గంట సేపు ఉండేది. ఫ్రిజ్ ప్లగ్గుకి చిన్న మీటర్ తగిలించి, దాని పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుని రాసుకునేది. నేను ఎదురుగా గడపలో కూర్చునేవాణ్ని.

"నువ్వట్లా చూస్తాంటే నాకు అంకెలు తప్పుతాండాయి."

"నేను ఫ్రిజ్‌ని చూస్తాండా."

"ఫ్రిజ్ ఇటుండాది. నువ్వు అటు చూస్తాండావు."

నాలుగు నెలలు నాకు అలా గడిచాయి. ప్రతి శనివారం మోటార్లు, ప్రతి ఆదివారం కల్పన. చార్టు మీద ఎర్ర స్టిక్కర్లు. అవ్వ మాత్రం వాటిని చూసి చూసి నలిగిపోయింది. టీవీ మానేసింది. డిసెంబర్ చలిలో నీళ్లు కాచే రాడ్ కూడా వద్దంది. కల్పనకి తెలియకుండా, మాకెవ్వరికీ చెప్పకుండా, పొద్దున్నే చన్నీళ్లు పోసుకుంది. జనవరికి దగ్గు పట్టుకుంది. గంగాధర డాక్టరు మందిచ్చి, "ఈ వయసులో చన్నీళ్లేంది అవ్వా" అని కేకలేశాడు. నేను అవ్వని తీసుకొచ్చిన ఆటో పక్కన తల వంచుకుని నిలబడ్డాను. ఆ శనివారం మోటార్లు తేలేదు. ఇంక ఎప్పటికీ తేనని ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు కల్పన వచ్చింది. అవ్వ మంచం పక్కన కూర్చుంది.

"ఎవరు పోసుకోమన్నారు నిన్ను చన్నీళ్లు?"

"నీ ఉద్యోగం పోతాది గదా పాపా."

కల్పన కళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఆరు ఇళ్లు గెలిచేలా ఉన్నాయి. మూడు పోయాయి. ఒక ఇంట్లో ఏసీ పెట్టారు, ఇంకో ఇంట్లో పెళ్లి, మరో ఇల్లు హోటల్ చేశారు. ఏడోది మా ఇల్లే. "మీ ఇల్లు మటుకు నాకు అర్థం కాలేదవ్వా. నాకే పని చేతగాలేదు. రేపు సారుకి అదే చెప్తా."

అవ్వ ముందు నిజం చెప్పలేక బయటికొచ్చేశాను. ఆ రోజంతా పెరట్లోకీ వీధిలోకీ తిరిగాను. మర్నాడు పొద్దున స్టేషన్‌కి పోయి, ధర్మవరం నుంచి వచ్చే ప్యాసింజర్ ఎక్కాను. మూడో పెట్టెలో కిటికీ పక్కన కల్పన కూర్చుని ఉంది.

"నీకొకటి చెప్పాల."

"కూర్చుని చెప్పు."

"కూర్చోలేను."

"ఏమైంది? అవ్వకి బాగలేదా?"

"అవ్వ బాగనే ఉండాది. కల్పనా, ఫ్రిజ్‌ది ఏం తప్పు లేదు. నేనే. శనివారం శనివారం మోటార్లు తెచ్చి ఇంటి మీటర్ మీద తిప్పినా. ఆగస్టు నుంచి."

"ఎందుకు?"

"మూడో నెల పచ్చ పడితే నువ్వు రావన్నావు."

రైలు మలుగూరులో ఆగింది. మళ్లీ కదిలింది. అప్పుడు ఆమె కిటికీ నుంచి నా వైపు తిరిగింది.

"ఆ ఫ్రిజ్ ముందర పీటేసుకుని కూర్చుంటి నేను. నాకు అర్థం కాలేదు సార్ అని ఆఫీసులో అందరి ముందర చెప్తి. ఇంటికి పోయి ఏడిస్తి. నువ్వు ఎదురుగా కూర్చుని నవ్వుకుంటాంటివి."

"నవ్వుకోలేదు. సంతోషపడితి."

"అది ఇంకా పాపం. ఆడ మీ అవ్వ చన్నీళ్లు పోసుకుని దగ్గుతాండాది."

ఎదురు సీట్లో పూలగంపతో ఉన్న పెద్దామె అంతా వింటోంది. "ఏమప్పా, నీ సంతోషానికి ముసలామెకి చన్నీళ్లు పోయించినావా?" అంది.

"నేను ఆఫీసుకొచ్చి చెప్తా," అన్నాను కల్పనతో. "మోటార్ల యూనిట్లు తీసేస్తే మా ఇల్లు గెలిచినట్టే గదా."

"మీటర్ ఏం చూపిస్తే అదే రాస్తా. నీ మనసులో లెక్కలు నేను రాయను." హిందూపురం వచ్చేసింది. ఆమె లేచింది. "ఇంకా ఆరు వారాలుండాయి. మీ ఇంటికి అరవై యూనిట్లు మిగిలినాయి. చేతనైతే దాంట్లో బతకండి. నాతో మాట్లాడొద్దు."

మేం మామూలుగా మూడు వారాలు కూడా రాకుండా వాడేసే కరెంటు అది.

ఇంటికొచ్చి అవ్వకి చెప్పాను. ఆమె మంచం పక్కనున్న చీపురు అందుకుంది. కొడుతుందనుకున్నాను. దాన్ని పక్కన పెట్టి, "నేను ఆ పాప కోసరం చలికి వణికితి గదరా," అని మాత్రం అంది. కొట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే ఫ్రిజ్ ఆపేశాం. పాలు ఏ పూటకాపూట. మిక్సీ పైన పెట్టేశాం, పచ్చడి నేనే రోట్లో నూరాను. అవ్వకి వేన్నీళ్లు కట్టెల పొయ్యి మీద కాచాను. మా నాయన అంజనప్పకి ఇదంతా విచిత్రంగా ఉంది. "ఫోను షాపులో ఛార్జింగ్ పెట్టుకుందాం లేరా," అన్నాడు.

"వద్దు నాయనా. అది మళ్లీ దొంగతనమే అయితాది."

ఆదివారాలు కల్పన వచ్చింది. నాతో మాట్లాడలేదు.

"అవ్వా, ఈ వారం పదకొండయింది. మీ మనవడు మిక్సీ వాడినట్టుండాడు."

"వాడలేదని చెప్పవ్వా. చేతులు చూడమను, బొబ్బలు."

"బొబ్బలు నేను లెక్కలో రాయనని చెప్పవ్వా."

"ఇద్దరూ నా నెత్తిన మాట్లాడేది ఆపండి," అంది అవ్వ.

ఒక్కో యూనిట్ తగ్గించినకొద్దీ ఏం జరుగుతోందో నాకు తెలుసు. మా ఇల్లు గెలిస్తే ఈమె రావడం అయిపోతుంది. ఇన్నాళ్లు ఏది కాకూడదని మోటార్లు తిప్పానో దాన్ని నా చేతులతో నేనే తెచ్చుకుంటున్నాను. ఒక్కోసారి స్విచ్ మీద చేయి వేసి, ఆమె బెంగళూరు రైలెక్కాల్సి వస్తుందని గుర్తొచ్చి తీసేసేవాణ్ని. నాకు కనపడకపోయినా ఫర్వాలేదు, ఆమెకి ఇష్టమైన పని ఆమె చేసుకోవాలి. ఆ ఒక్కటి జరగాలి.

ఫిబ్రవరి చివరి ఆదివారం. అమ్మ, నాయన, అవ్వ, నరసక్క, అందరం మీటర్ కింద నిలబడ్డాం. కల్పన రెండుసార్లు చూసింది. రాసింది. కూడింది. మళ్లీ కూడింది.

"యాభై ఎనిమిది," అంది. "రెండు యూనిట్లు మిగిలినాయవ్వా. గెలిచినారు."

అవ్వ ఆమెని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది. నాయన మీటర్‌కి దండం పెట్టాడు.

"ఏడిళ్లూ అయినాయి. ఏప్రిల్ నుంచి హిందూపురంలో పదిళ్లు ఇస్తారు," అంది కల్పన సంచి సర్దుకుంటూ. "ఇంక నేను ఈ తట్టు రాను." అవ్వకే చెప్పింది. గేటు వైపు నడిచింది.

ఇప్పుడు తిప్పడానికి నా దగ్గర ఏ మోటారూ లేదు.

"కల్పనా," అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "నువ్వు నాకు ఇష్టం. ఆదివారం ఒక్కరోజుకి కాదు. పెళ్లి చేసుకోవాలనుండాది. నీ ఉద్యోగం నీదే, హిందూపురానికి ఈడ నుంచి పోవచ్చు. వద్దంటే వద్దను, మళ్లీ నీ దారిలోకి రాను."

ఆమె గేటు పట్టుకుని నిలబడింది.

"ఇదే మాట ఆగస్టులో చెప్పింటే?"

"వద్దంటావని భయం."

"అప్పుడు అడిగింటే వద్దనేదాన్ని కాదు."

"ఇప్పుడు?"

ఆమె మా నాయన వైపు తిరిగింది. "పెద్దాయనా, మంగళవారం మా నాయన మగ్గం ఎక్కడు, ఇంట్లోనే ఉంటాడు. ధర్మవరం రండి. ఈ మనిషిని కూడా తీసుకురండి." అప్పుడు నన్ను చూసింది. "మోటార్ల సంగతి మొత్తం మా నాయనకి నువ్వే చెప్పాల. ఒక్క శనివారం కూడా విడిచిపెట్టకుండా. అదంతా విని ఆయన సరేనంటే, నాకూ సరే."

"ఆయన కొడితే?"

"పడు," అంది కల్పన. ఆరు వారాల తర్వాత మొదటిసారి, నా ముఖంలోకి చూసి నవ్వింది.