దూది మిల్లు దగ్గర లైటు ఆపాలి

తిరువూరు నుంచి గంపలగూడెం వైపు వెళ్తుంటే, వినగడప రాకముందే, మూతపడిన దూది మిల్లు ఒకటి ఉంటుంది. పగలు చూస్తే అందులో ఏమీ లేదు... తుప్పు పట్టిన గేటు, గేటుకి తాళం, తాళానికి సాలెగూడు. గోడ మీద ఎరువుల ప్రకటన. గొర్రెలు కాసేవాళ్లు ఆ గోడ నీడలో కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు.

పొద్దుగూకిందా — మనిషి కాదు, గొర్రె కూడా అక్కడ నిలబడదు.

చుట్టుపక్కల పది మందిని అడగండి. ఏడుగురు దాన్ని చూశామంటారు. ఇద్దరు విన్నామంటారు. నేనేమీ చూడలేదు, వినలేదు అన్న ఆ ఒక్కడికీ అది ఎప్పుడో పట్టేసిందని మిగతా తొమ్మిది మందీ అంటారు.

అది అంటే... మేరమ్మ.

మిల్లు నడిచే రోజుల్లో రాత్రి షిఫ్టులో పనిచేసేదట. ఎవరైనా కునుకు తీస్తున్నారేమోనని సూపర్‌వైజరు టార్చిలైటు పట్టుకుని తిరిగేవాడట. దొరికినవాళ్లని అందరి ముందూ నానా మాటలూ అనేవాడట. ఒకనాడు ఒంట్లో బాగోక మేరమ్మ దూది గుట్ట పక్కన ఒరిగింది. ఇంతలో టార్చి వెలుగు... అటు తిరిగింది, ఇటు తిరిగింది... తన వైపే వస్తోంది. భయంతో గుట్టలోకి దూరింది. పైనున్న దూది జారింది.

దూదే కదా, బరువేముంటుంది అనుకుంటాం. గుట్ట మొత్తం మీద పడితే ఊపిరి ఆడనివ్వదు. తెల్లారాకగానీ ఎవరికీ తెలియలేదట.

ఇందులో నిజమెంతో నాకు తెలీదు. నాది తిరువూరులో బైకుల సామాను షాపు. ఈమధ్యే పెట్టాను. హారన్లు, అద్దాలు, సీటు కవర్లు, లైట్లు. దెయ్యాలతో నాకు బేరాల్లేవు. ఈ కథ నాకు చెప్పింది గ్లోరి. బైకు షాపువాడికి దెయ్యం కథ చెప్పాల్సిన పని ఎందుకు పడిందో మీకే తెలుస్తుంది.

గ్లోరిది వినగడప. తిరువూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మధ్యాహ్నం ఎక్కితే చీకటిపడ్డాక దిగే షిఫ్టు. వాళ్ల నాన్న జోజప్పగారు బడిలో అటెండరు. రోజూ ఆయనే బండి మీద వచ్చి తీసుకెళ్లేవాడు. వానాకాలం మొదట్లో ఆయన కంట్లో శుక్లం ముదిరింది. చీకట్లో బండి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

గ్లోరికి సొంత స్కూటీ ఉంది. నడపడమూ వచ్చు. మిల్లు దాటడమే రాదు.

ఎందుకంటే ఎండాకాలం నుంచి మేరమ్మ మారిపోయింది. అంతకుముందు ఉత్త చప్పుడే. ఇప్పుడు తెల్లబట్టల్లో గేటు ముందుకొచ్చి నిలబడుతోంది. తల బాదుకుంటోంది. గుండెలు బాదుకుంటోంది. ఏదో గొణుగుతోంది...

పాల వ్యానువాడు చూశాడు. ఆటో స్టీఫెన్ చూశాడు. "పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లు గుండెలు బాదుకోవడం చూశాం గానీ, పోయిన మనిషి తనకోసం తానే బాదుకోవడం ఏంట్రా!" అని టీ కొట్టు దగ్గర ఒకటే చర్చ. చీకటిపడితే షేరాటోలు అటు రావడం మానేశాయి.

గ్లోరి కూడా చూసింది. ఆటోలు మానకముందు, నాన్న రాని ఒకరోజు, స్టీఫెన్ ఆటోలోంచి, రెప్పపాటు. చాలదూ! ఆనాటి నుంచి మిల్లు పేరెత్తితే చెమటలు, గుండెదడ.

సెలవులు పెట్టింది. షిఫ్టులు మార్చుకుంది. చివరికి హెడ్ నర్సు తేల్చేసింది. "వచ్చే నెల నుంచి నీకు ఇదే షిఫ్టు గ్లోరీ. చేస్తావా, మానేస్తావా?"

"మానెయ్యమ్మా. నాకు నీకంటే ఉద్యోగం ఎక్కువా?" అన్నాడు జోజప్పగారు.

గ్లోరికి మాత్రం ఎక్కువే. ఆ తెల్ల డ్రెస్సు కోసం ఎంత చదివిందో, ఎన్నిచోట్ల కాదనిపించుకుందో ఆమెకు తెలుసు.

వైద్యాలు మొదలయ్యాయి. నానమ్మ జ్ఞానమణి ప్రార్థన చేయించిన నూనె నుదుటికి రాసింది. పక్కింటి వెంకాయమ్మగారు నానమ్మకి తెలియకుండా తాయెత్తు తెచ్చిచ్చింది. ఆసుపత్రి డాక్టరు నిద్రమాత్ర రాశాడు. నిద్ర బ్రహ్మాండంగా పట్టింది... డ్యూటీలో. నూనె నుదుటి మీద, తాయెత్తు చేతికి, మాత్ర కడుపులో. భయం మాత్రం ఎక్కడుండేది అక్కడే ఉంది.

అప్పుడు ఎవరో పుష్పలత మేడం గురించి చెప్పారు.

మేడం రిటైరైన లెక్కల టీచరు. ఆన్‌లైన్లో ట్యాపింగు థెరపీ నేర్చుకుని, తిరువూరులో తన ఇంటి వరండాలోనే నేర్పుతోంది. ట్యాపింగు అంటే మరేం లేదు. వేళ్ల కొసలతో నడినెత్తిన, కనుబొమ దగ్గర, కంటి కింద, గడ్డం మీద, మెడ కింది ఎముక మీద టపటపా తట్టుకుంటూ ఉన్న భయాన్ని పైకి చెప్పుకోవాలి.

"భయం లేదు అనకు. ఒంటికి అబద్ధం తెలిసిపోతుంది," అంది మేడం. "ఉంది అను. మూడే ముక్కలు. భయం ఉంది. ఉన్నా ఫర్వాలేదు. నేను బాగానే ఉన్నాను. ఏదీ, చెప్పు."

"తగ్గుతుందా మేడం?"

"చాలామందికి తగ్గింది. అందరికీ తగ్గుతుందని రాసివ్వను. తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరికి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తా. సరేనా?"

గ్లోరి వారం తిరక్కుండానే బాగా నేర్చుకుంది. అప్పుడు హోంవర్కు పడింది.

"ఇంట్లో కుర్చీలో కూర్చుని తట్టుకుంటే కుర్చీ భయం పోతుంది తల్లీ. మిల్లు భయం పోవాలంటే మిల్లు దగ్గరే తట్టుకోవాలి. ముందు పగలు వెళ్లు. తర్వాత పొద్దుగూకే వేళ. ఆ తర్వాత చీకట్లో."

పగలు వెళ్లింది, గొర్రెలు నవ్వాయి. పొద్దుగూకే వేళ వెళ్లింది, మూడు ముక్కలూ అయ్యేదాకా పారిపోకుండా నిలబడింది.

ఇక చీకట్లో...

డ్యూటీ దిగి వస్తూ గేటుకి ఎదురుగా కల్వర్టు దగ్గర స్కూటీ ఆపింది. తాళంచెవి తీసింది. లైటు ఆరిపోయింది. పత్తి చేలల్లో కీచురాళ్లు తప్ప చప్పుడు లేదు.

కళ్లు మూసుకుంది. వేళ్లు నెత్తికి ఆనించింది. "మేరమ్మంటే భయం ఉంది..."

ఎందుకో కళ్లు తెరిచింది.

గేటు దగ్గర — తెల్లగా.

తల మీద ముసుగు. చెయ్యి పైకి లేచింది. తల బాదుకుంది. ముఖం బాదుకుంది. గుండెలు బాదుకుంది. గొణుగుతోంది...

గ్లోరి చేతిలో తాళం జారి గడ్డిలో పడింది. పారిపోదామంటే బండి కదలదు. పరిగెత్తుదామంటే కాళ్లు కదలవు. కదులుతున్నవి వేళ్లే. వాటితోనే టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది... గొంతెత్తి.

"మేరమ్మంటే భయం ఉంది! ఉన్నా ఫర్వాలేదు! నేను బాగానే ఉన్నాను! మేరమ్మంటే..."

తెల్లటి ఆకారం ఆగింది.

మెల్లగా ఇటు తిరిగింది.

"వేణుగోపాలా! చంపేస్తోంది తండ్రీ!" అని గావుకేక పెట్టి గేటుకి అతుక్కుపోయింది.

గ్లోరికి అంత భయంలోనూ అనుమానం వచ్చింది. మేరమ్మ వేణుగోపాలస్వామిని ఎందుకు పిలుస్తుంది? అదీ మగ గొంతుతో?

"ఎవరండీ?"

"ముందు నువ్వెవరో చెప్పు!"

"వినగడప జోజప్పగారి అమ్మాయిని. గ్లోరీని."

"నర్సమ్మవా?... కాళ్లున్నాయా నీకు?"

"మీకున్నాయా?"

టార్చి వెలిగింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తలమీద వేసుకున్న తువ్వాలు. దాని కింద పెద్ద మీసాలు. నెమలి ఊరి వీరరాఘవయ్యగారు! మిల్లు వెనక మామిడితోట ఆయనదే. అర్ధరాత్రి దొంగల్ని తోట చుట్టూ మూడుసార్లు తరిమానని టీ కొట్టు దగ్గర చెప్పే మనిషి.

"మీరిక్కడేంటండీ?"

ఆయన మీసం సర్దుకున్నాడు. "ఏముందమ్మాయ్... ఊరికే... గాలికి..."

"తల బాదుకుంటున్నారు?"

"బాదుకోవడం కాదది! ట్యాపింగు!"

ఆ మాటతో గుట్టు రట్టయింది. అదే మేడం, అవే మూడు ముక్కలు, అదే హోంవర్కు. ఎండాకాలం నుంచీ వస్తున్నాడట.

"అంటే నేను చూసింది మిమ్మల్నేనా!" గ్లోరికి ఒళ్లు మండింది. "మీరు భయం పోగొట్టుకోడానికి వచ్చి మా అందరికీ అంటించారు. మీ వల్ల నా ఉద్యోగం పోబోయిందండీ!"

"నన్నూ చంపబోయావుగా ఇప్పుడు! చెల్లుకి చెల్లు."

కాసేపు ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వి నవ్వి ఆయన కల్వర్టు మీద కూలబడ్డాడు.

"ఎవరితో అనకమ్మాయ్. మీసాలు తీసేయాల్సొస్తుంది," అన్నాడు. కొంచెం ఆగి, "మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి చీకటి పడితే ఇంట్లో ఉండలేకపోతున్నా. తోటకి పోదామంటే ఈ మిల్లు. మనిషి లేని ఇల్లు ఎట్లా ఉంటుందో... నీకు చెప్పినా తెలియదులే," అన్నాడు.

గ్లోరి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "కలిసి చేద్దాం రండి," అంది.

ఇద్దరూ మొదలుపెట్టారు. టప్ టప్ టప్ టప్... చీకటంటే భయం ఉంది. ఉన్నా ఫర్వాలేదు. నేను బాగానే ఉన్నాను.

చేతులు దించారు.

టప్... టప్... టప్...

గ్లోరి ఆయన చేతుల వంక చూసింది. ఒళ్లోనే ఉన్నాయి. ఆయన గ్లోరి చేతుల వంక చూశాడు.

టప్... టప్...

తాళం వేసిన మిల్లు లోపలి నుంచి.

"పరిగెత్తుదామా?" అన్నాడాయన గుసగుసగా.

"తాళం గడ్డిలో పడిందండీ."

వెతకడానికి ఆయన టార్చి వేశాడు. అటూ ఇటూ తిప్పుతుంటే, వెలుగు గేటు సందులోంచి లోపలికి పడింది.

లోపల ఎవరో "హా..." అని ఊపిరి లోపలికి లాగారు. మెత్తగా దేనిలోకో జరిగిన చప్పుడు. తట్టుడు వేగం పెరిగింది... టపటపటపటప... సన్నటి ఆడగొంతు. మాటలు కొత్తగా నేర్చుకున్నట్టు.

"లైటంటే... భయం ఉంది... లైటంటే... భయం ఉంది..."

వీరరాఘవయ్యగారు రాయైపోయాడు.

గ్లోరికి మాత్రం ఆ ఊపిరి తెలుసు. రోజూ వింటుంది. సూది చూసిన పిల్లలు, స్ట్రెచరు ఎక్కిన ముసలివాళ్లు... అందరిదీ అదే ఊపిరి.

"టార్చి ఆపండి," అంది.

"ఆపితే..."

"ఆపండి. జడుసుకుంటోంది."

ఆపాడు. చీకట్లో గ్లోరి గేటు వైపు తిరిగి, వార్డులో మాట్లాడినట్టే మెల్లగా అంది. "ఉన్నా ఫర్వాలేదమ్మా... ఉన్నా ఫర్వాలేదు."

తట్టుడు నెమ్మదించింది. ఆగింది.

"మూడోది చెప్పకు," అన్నాడాయన చెవిలో. "నేను బాగానే ఉన్నానని ఎట్లా అంటుంది పాపం!"

ఇదీ గ్లోరి నాకు చెప్పింది. చెప్పింది కూడా నేను అడిగితేనే. మొన్న షాపుకి వచ్చి, "అన్నా, నా స్కూటీ హెడ్‌లైటుకి ఆపే స్విచ్చు పెడతావా?" అంది.

ఇప్పటి బండ్లకి ఇంజను ఆన్ అయితే లైటు వెలగాల్సిందే. ఆపడానికి స్విచ్చుండదు. రూలు ఒప్పుకోదు.

"లైటు ఆపి ఎక్కడికి తల్లీ?"

"మిల్లు గోడ పొడుగునే అన్నా. ఇన్నాళ్లూ అక్కడ ఇంజను ఆపి తోసుకుంటూ పోతున్నాను. డ్యూటీ చేసొచ్చి ఓపిక ఉండట్లేదు."

"ఒక్కదానివే? చీకట్లో? భయం లేదా?"

"నాకేం భయం! నాకంటే ఆమెకే ఎక్కువ."

పెట్టాను. సాయంత్రానికి వీరరాఘవయ్యగారు తన బైకు తెచ్చి, అటూ ఇటూ చూసి, అదే స్విచ్చు అడిగాడు. ఆయనకీ పెట్టాను.

వాళ్లు వెళ్లాక లెక్క వేశాను. రేకుల షెడ్డు, ఎదురుగా గోడ. ఇక్కడ తట్టింది అక్కడ తగిలి తిరిగొస్తుంది. నూటికి తొంభై పాళ్లు ప్రతిధ్వని. మిగతా పది, పావురాలు. లెక్క కుదిరింది.

ఒక్కటి తప్ప. ప్రతిధ్వని అయితే వాళ్లు అన్నదే తిరిగి వినపడాలి. లైటు అనే మాట వాళ్లిద్దరిలో ఎవరూ అనలేదు.

తేల్చుకోవాలిగా! నిన్న షాపు కట్టేశాక నా బండికీ స్విచ్చు బిగించుకుని వెళ్లాను. గోడ మొదట్లోనే లైటు ఆపాను. గేటు ముందు ఇంజను కూడా ఆపాను.

కీచురాళ్లు.

నాలో నేను నవ్వుకుని, తాళం తిప్పబోయాను.

టప్... టప్... టప్...

"లైటంటే భయం ఉంది..."

నా చెయ్యి తాళం మీదే ఉండిపోయింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... ఎంతో కష్టపడి, కూడబలుక్కుని...

"ఉన్నా... ఫర్వాలేదు..."

మూడో ముక్క వినడానికి నేనక్కడ ఆగలేదు. ఈ పొద్దున పుష్పలత మేడం తలుపు తీసేసరికి, వరండాలో మొట్టమొదట కూర్చుని ఉన్నది నేనే.