లీకేజీ లేదు, మరి నీళ్లేవి?

“స్కాన్‌ల ఏం లేదన్నరు గద! మళ్ల ఇంకోటి ఎందుకు? గా మందు ఎక్కించి మా నాయినను ఇంకింత పరేషాన్ చేస్తరా?”

ఎల్బీనగర్‌లోని దవాఖానలో సీటీ గది తలుపుకు అడ్డంగా నిలబడి అరుస్తున్నాడు అభిలాష్. పొద్దున టిఫిన్ తింటుండగా తండ్రి లింగస్వామికి కుడి చెయ్యి వాలిపోయింది, మాట పడిపోయింది. డ్యూటీలో ఉన్న కొడుకు ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు రాసిన, నరంలోకి మందు ఎక్కించి తీసే రెండో స్కాన్‌కు మాత్రం సంతకం పెట్టనంటున్నాడు.

“నువ్వు ఫొటోలు తీసేదానివి. నీకేం తెలుసు?”

ఆ మాట టెక్నీషియన్ సాధనకు చురుక్కుమంది. దీటుగా జవాబు చెప్పబోయి, అతని చేతిలోని పొడవాటి ఇనప తాళం చూసి ఆగింది. నల్లా నీళ్ల వాల్వు తిప్పే తాళమది.

“మీరు లైన్‌మనా?”

“అవు, చైతన్యపురిల. అయితేంది?”

“ఓ ఇంటికి నీళ్లొస్తలేవు. పోయి చూసిన్రు. రోడ్డు మీద తడి లేదు, లీకేజీ లేదు. అంతా మంచిగుందని వాపస్ పోతరా?”

“ఎట్ల పోత? లీకేజీ లేకుంటే లోపల యాడనో జామ్ అయినట్టు. లైన్ మొత్తం...”

అభిలాష్ చేతిలోని తాళం వైపు చూసుకున్నాడు.

“మొదటి స్కాన్‌ల చూసింది లీకేజీనే. తలల రక్తం కారలేదు. ఇప్పుడు లైన్ చూడాలె. ఆలస్యమైతే మాట మళ్ల రాదు. జల్ది సంతకం పెట్టన్నా!”

పెట్టాడు.

తెర మీద రక్తనాళాలు తెల్లగా కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్నాయి. ఎడమవైపు పెద్ద నాళం ఒక్కచోట తెగ్గోసినట్టు ఆగిపోయింది. సాధన అప్పటికే డాక్టరుకు ఫోన్ కలిపింది. తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేశారు. సాయంత్రానికి లింగస్వామి వేళ్లు కదిపి, “అభీ” అన్నాడు. ఆ రోజు సాధన కాళ్లు నేల మీద నిలవలేదు.

రెండు నెలల తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో వాన. మెట్రో మెట్ల కింద ఇద్దరూ తడవకుండా ఒదిగి నిలబడ్డారు. అప్పటికి ఇది వాళ్ల ఎనిమిదో ‘అనుకోకుండా కలవడం’.

“గా దినం మీరు నన్ను అన్నా అన్నరు. గది వాపస్ తీస్కోవాలె.”

“మీరు నన్ను ఫొటోలు తీసేదానివన్నరు. ముందుగాల మీరు తీస్కోండ్రి.”

“తీస్కున్న. ఇగ జిందగీ మొత్తం అనను.”

“అయితే నేనూ తీస్కున్న,” అంది సాధన, వాన వైపు తిరిగి నవ్వు దాచుకుంటూ.

చర్చికి పోయే ఇశ్రాయేలు బిడ్డ సాధన తమ ఇంటి కోడలా అని చుట్టాలు గుసగుసలాడారు. మాట ఖాయం చేసుకునే రోజు అభిలాష్ మేనత్త యాదలక్ష్మి అందరి ముందూ మూతి తిప్పింది.

“ఇంతకూ పిల్ల ఏం పని చేస్తదట? ఫొటోలు తీస్తదంట గద?”

అభిలాష్ లేవబోయాడు. లింగస్వామి కుడి చెయ్యెత్తి ఆపాడు. ఏ చెయ్యి పడిపోయిందో ఆ చెయ్యే. తర్వాత ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, చెల్లెలి కళ్లలోకి చూస్తూ అన్నాడు:

“నేను మాట్లాడుతున్న గద, లక్ష్మీ. గదే చేస్తది నా కోడలు.”