టెంట్‌లో రెండో మనిషి

“మీ టెంట్ కారింది,” అంటూ ఆమె తడి మూటను నా కౌంటర్ మీద ధబీమని పడేసింది.

లెడ్‌విల్ అనే కొండ ఊళ్లో క్యాంపింగ్ సామాను అమ్మే కొట్టు మాది. జులైలో ఇలాంటి మూటలు వస్తూనే ఉంటాయి. కానీ తెచ్చిన మనిషి జుట్టులో పైన్ ఆకు చిక్కుకుని ఉండడం, ఆ సంగతి ఆమెకు తెలియకపోవడం రోజూ జరగదు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను.

“వినబడిందా? కారింది అంటున్నాను.”

“వినబడిందండీ. లోపల ఎంతమంది పడుకున్నారు?”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “అది మీకెందుకు?”

“టెంట్ కోసమే అడుగుతున్నాను.”

“ఇద్దరం.”

నిజంగా టెంట్ కోసమే అడిగాను. జవాబు విన్నాక మాత్రం టెంట్ సంగతి మరిచిపోయి, ఆ రెండో మనిషి ఎవరా అని బుర్ర గోక్కోవడం మొదలుపెట్టాను.

“గాలి కిటికీలు తెరిచి ఉంచారా?”

“వానలో కిటికీలు ఎవరు తెరుస్తారు? జిప్పులన్నీ బిగించి, ఖాళీల మీద టేపు కూడా అంటించాను.”

“అయితే అది వాన కాదండీ. మీ ఊపిరి.”

“ఏంటి?”

“ఇద్దరి ఊపిరి బయటికి పోయే దారి లేక గుడ్డకు పట్టేసింది. తెల్లారేసరికి చినుకులై మీ మీదే పడింది. చలికాలం బస్సు అద్దాలు చూడలేదా?”

ఆమె ముక్కు తడుముకుంది. “అంటే తప్పు నా ముక్కుది అంటారు.”

“మీ ఇద్దరి ముక్కులదీ. రెండోవారు కాస్త గట్టిగా ఊపిరి తీస్తారేమో,” అన్నాను, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి.

“గట్టిగానా? ఆ గురకకి కొండలు కదలాలి,” అని నవ్వింది. ఆ నవ్వు నిండా ప్రేమే. ముక్కూ మొహం తెలియని ఆ గురక మనిషి మీద నాకు ఒళ్లు మండింది.

ఆమె పేరు మారెన్. కొండలే లేని కాన్సాస్ నుంచి వచ్చి మా బళ్లో టీచరుగా చేరింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది. “శనివారం మళ్లీ కొండ మీది చెరువు దగ్గరికి వెళ్దామంటే, ఇంకోసారి తడిస్తే నీతో కొండ ఎక్కనని తేల్చి చెప్పేశారు. వేసవి అయిపోగానే కాన్సాస్ వెళ్లిపోతారు. మాకు మిగిలింది ఈ కాసిని రోజులే. అవి కూడా నా టేపు వల్ల పాడైతే నేను తట్టుకోలేను.”

ఆ మాటకు నా అసూయ సగం చల్లారింది. మంచి టెంట్ ఇవ్వకపోతే నేను మనిషినే కాను అనిపించింది.

ఆమె గదంత ఎత్తున్న టెంట్ వైపు చూసింది. “అది విశాలంగా ఉంది కదా?”

“అందులో నిలబడి ప్యాంటు తొడుక్కోవచ్చు. కానీ చెరువు దగ్గర చెట్లుండవు. గాలొస్తే టెంటూ ప్యాంటూ రెండూ అవతలి ఒడ్డున ఉంటాయి. ఈ పొట్టిది చూడండి. పై కప్పు నేల దాకా దిగుతుంది, నలుగురు పడుకోవచ్చు.”

“మేం ఇద్దరమే.”

“నలుగురు అని రాశారంటే ఊపిరి బిగబట్టుకుని నలుగురు. హాయిగా అయితే సామానుతో ఇద్దరు.”

“పెద్దది అమ్మడానికి భలే చెబుతున్నారు.”

“రేపు మధ్యాహ్నం రండి. జులైలో ఇక్కడ రోజూ మధ్యాహ్నం వానే, కొట్టు వెనక వేసి చూపిస్తాను. రెండో మనిషిని కూడా తీసుకురండి.” ఆ చివరి మాట అనడానికి నాకు చాలా గుండె ధైర్యం కావలసి వచ్చింది.

మర్నాడు ఆమె వెంట ఎర్ర రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు వేసుకున్న ఒక ముసలావిడ దిగింది.

“మా నానమ్మ, డార్లీన్,” అంది మారెన్.

నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని అవసరానికి మించి ఊపేశాను.

“ఈ అబ్బాయికేమైంది?” అని ఆవిడ మనవరాల్ని అడిగింది.

అంతలో ఉరిమింది. ముగ్గురం టెంట్‌లోకి దూరాం. వాన వెంట వడగళ్లు కూడా పడ్డాయి. మారెన్ కప్పు వంకే అనుమానంగా చూస్తూ, ఉండబట్టలేక గాలి కిటికీ మీద చెయ్యి వేసింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

“మూయొద్దు. దానికి పైన టోపీలా గుడ్డ ఉంది, చినుకు రాదు.”

నిజంగానే రాలేదు. ఆమె రెండో చేత్తో గుడ్డ తడిమి చూసింది. ఎక్కడా తడి లేదు. మొదటి చెయ్యి సంగతి ఇద్దరం మరిచిపోయాం.

“నిన్న నా జుట్టులో ఆకు ఉందట. నానమ్మ చూసి తీశారు. మీరు చెప్పలేదేం?” అని మెల్లగా అడిగింది.

“చెబితే తీసేస్తారని. బాగుంది.”

బయట వడగళ్లు పడుతూనే ఉన్నాయి. నానమ్మ గొంతు సవరించుకుంది.

“అబ్బాయ్, ఇది హాయిగా ఇద్దరికే అన్నావట. ఇప్పుడు ముగ్గురం ఉన్నాం, నాకేం ఇరుగ్గా లేదే.”

“ఇరుగ్గా లేదండీ,” అన్నాను.

“శనివారం కొట్టు మూస్తావా?”

“మా అన్నను కూర్చోబెడతాను.”

“గురక పెడతావా?”

“తెలీదండీ. ఇంతవరకూ చెప్పేవాళ్లు లేరు.”

“ఆదివారం పొద్దున నేను చెప్తాలే,” అనేసింది మారెన్. అన్నాక ఆమె చెవులు నానమ్మ కోటులా ఎర్రబడ్డాయి.

డార్లీన్ మా ఇద్దరి చేతుల వంక ఒకసారి చూసి, టెంట్ నేలను అరచేత్తో తట్టింది.

“కిటికీలు తెరిచే ఉంచండి,” అంది. “మధ్యలో నేను పడుకుంటాను.”