చంద్రుడి మీంచి కనిపించిన రేవు

"పాద్రీ కథకు నకలు రాస్తున్న గుమాస్తాని నిన్న ఎవరో గొంతు పిసికి చంపారు," అన్నాడు కెప్టెన్ మొగ్రోవేహో, కోట బురుజు మీంచి కంపెచే రేవును చూస్తూ. "తర్వాతి వంతు పాద్రీ తదేయోది. ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని ఎత్తుకుపోతారు."

సీక్రెట్ ఏజెంట్ బల్తసార్ నవ్వబోయి ఆగిపోయాడు. "చంద్రమండల యాత్ర అని పిట్టకథ రాసుకునే ముసలాయనతో ఇంగ్లీషువాళ్ళకేం పని?"

"ఆ కథలో హీరో చంద్రుడి మీద నిలబడి కిందికి చూస్తాడు. ఏం కనిపిస్తుంది? మన రేవు. ఇసుక తిన్నెల మధ్య యుద్ధనౌక పట్టే దారి. ఏళ్ళ తరబడి జాలరులతో తిరిగినాయన, కథలో కూడా అబద్ధం రాయలేకపోయాడు. సగమే రాశాడు. మిగతా సగం ఆయన బుర్రలో ఉంది." కెప్టెన్ గొంతు తగ్గించాడు. "రేపు సూర్యగ్రహణం. ఆ చీకట్లో పడవ వస్తుంది. మూడు ఈలలు వినిపిస్తేనే ఒడ్డుకు చేరుతుంది. నాకు ఆ పడవ కావాలి. పాద్రీ చేజారేటట్టుంటే, నువ్వే చంపెయ్."

మర్నాడు బల్తసార్ గుండు గీయించుకుని సన్యాసి వేషం కట్టాడు. మెడలో కొయ్య సిలువ. దాని నిలువు కర్ర లాగితే కత్తి. మఠం గుమ్మంలో దోన్యా ఒబ్దూలియా ఎదురైంది. గవర్నర్ తరఫు గూఢచారి, ఊళ్ళో మగవాళ్ళకు నిద్ర లేకుండా చేసే అందగత్తె.

"చంద్రుడిలో ఉప్పు దొరుకుతుందా?" కోడ్ అడిగాడు.

"దొరుకుతుంది. తడిసిన ఉప్పు." ఆమె విసనకర్ర మూసింది. "గ్రహణం పట్టగానే పాద్రీని సముద్రద్వారం మీదుగా కోటకు చేరుద్దాం. ఆ కాసేపూ ఊరు శ్మశానంలా ఉంటుంది, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఇక్కడే పుట్టినదాన్ని, నాకు తెలీదూ?"

బల్తసార్ ఆమెను తేరిపార చూశాడు. అతడూ ఈ ఊరివాడే. గ్రహణం నాడు నోరు మూసుకునే కంపెచేని అతడు ఎన్నడూ ఎరగడు. ఈమె ఇక్కడ పుట్టలేదు. అయినా సరేనన్నాడు. పడవ చిక్కాలంటే ఆమె వెంటే నడవాలి.

పాద్రీతో కలిసి ముగ్గురూ రేవు వైపు తెరుచుకునే సముద్రద్వారం దాటేసరికి మధ్యాహ్నపు ఎండ ఇత్తడి రంగుకు తిరిగి ఆరిపోయింది. బల్తసార్ పక్కటెముకలకు పిస్తోలు తగిలింది.

"కదలకండి, బ్రదర్," అని ఒబ్దూలియా ఈల వేసింది.

అప్పుడే మాయా తెగవాళ్ళ పేటలో మోత మొదలైంది. సూర్యుణ్ణి మింగేదాన్ని బెదరగొట్టాలని చేతికందిన కుండా చట్టీ, తలుపూ పెట్టే అన్నీ బాదుతున్నారు. కుక్కల చెవులు మెలేసి ఏడిపిస్తున్నారు. ఆమె మళ్ళీ ఈల వేసింది. మళ్ళీ వేసింది. తన ఈల తనకే వినబడలేదు.

పడవ ఆగిందో వస్తోందో బల్తసార్‌కూ తెలియడం లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కత్తి లాగి పాద్రీ వీపుకు ఆనించాడు. ఆ వీపు వెచ్చగా ఉంది. అతడికి భయమేసింది. ఇంకొక్క ఊపిరి ఆగుదాం, అనుకున్నాడు. ఇంకొక్కటి.

వెలుగు తిరిగొచ్చింది. ఈలల కోసం చూస్తూ పడవ దూరంగానే ఉంది, కోట ఫిరంగుల ఎదుట, బట్టబయలుగా. ఒబ్దూలియా బిత్తరపోయి అటు తిరగగానే బల్తసార్ పిస్తోలు లాగేసుకున్నాడు. బురుజు మీద ఫిరంగి పేలింది. పడవలోవాళ్ళు తెడ్లు వదిలేసి చేతులెత్తారు. భటులొచ్చి ఆమెను పట్టుకున్నారు.

పాద్రీ వెనక్కి తిరిగి కత్తిని చూశాడు. "అది నాకేనా, నాయనా?"

"ఆర్డరు, పాద్రీగారూ." బల్తసార్ తలెత్తలేకపోయాడు.

ఆ ముసలాయన పేటలో ఇంకా ఆగని కుక్కల ఏడుపుకు చెవి ఒగ్గాడు.

"నా చంద్రుడి మీద కుక్కలు లేవు," అన్నాడు. "కథలోంచి రేవు తీసేసి, వాటిని పెడతాను."